పొట్టి దర్వాజ ఇల్లు

మా ముత్తాత దేశ్‌ముఖ్. నిజాం సర్కారు వంశపారంపర్యంగా ఇచ్చిన వతనులో నెల్లికుదురు దిక్కున ఉన్న ఊళ్లెన్నో ఆయన కింద ఉండేవి. శిస్తు వసూలు ఆయనదే, తగవులో తీర్పూ ఆయనదే. మా తాత ఆ వతనుకు వారసుడు. మానుకోటకు ఏ తాసీల్దారు కొత్తగా వచ్చినా ముందు మా గడీలో కూర్చుని, ఆ తర్వాతే కచేరీకి వెళ్లేవాడు. మా బాపమ్మ, అంటే మా బాపుకు తల్లి, మొగుళ్లపల్లి దిక్కు దొరల ఇంటి ఆడపడుచు. భూపాలపల్లి అడవుల్లో టేకు నరికించే హక్కు ఆమె పుట్టింటిది. మా అమ్మది జనగామ వైపు గడీ. నేను నడక నేర్వకముందే ఆమె పోయింది. వీళ్లందరి తర్వాత చివరి దేశ్‌ముఖ్ మా బాపు. ఆయనకు నేను ఒక్కతే బిడ్డను. ఈ వరస చెప్పడం గొప్ప కోసం కాదు. ఎవరి నడుములు ఎంత నిటారుగా ఉండేవో తెలియకపోతే, ఒక తలుపు ఎత్తు గురించి మేమూ మా ఊరూ ఎందుకంత పట్టుబట్టామో అర్థం కాదు.

మా గడీకి తూర్పు దర్వాజ ఒకటే దారి. మా తాత గుర్రం దిగకుండా, తలపాగా తగలకుండా దాని కింద నుంచి లోపలికి వచ్చేవాడు. రెండు రెక్కలూ టేకువి. బాపమ్మను ఇచ్చేటప్పుడు ఆమె పుట్టింటివాళ్లు బండ్ల మీద ముందుగా పంపిన మానుతో చేయించినవి. నిండా ఇత్తడి బొడిపెలు, పై చెక్క మీద చిలకలూ పద్మాలూ. దాని ముందు నేలలో ఒక పెద్ద బండ. ఊరివాళ్లు ఎవరొచ్చినా ఆ బండ దగ్గర చెప్పులు విడిచి చేతులు కట్టుకోవాలి. ఆ గడీని వెట్టితో కట్టారు. పక్క ఊళ్ల నుంచి మనుషులను తోలుకొచ్చి రాయి మోయించారు. నేనిది దాచను. ఆ చుట్టుపక్కల ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతే.

బాపు పట్నంలో చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల దుకాణంలో ఒక అమెరికా పుస్తకం కొన్నాడు. నిండా ఇళ్ల బొమ్మలూ నక్షలూ. అన్నీ ఒకే ఆర్కిటెక్టు కట్టినవి. ఆ పేరు మా ఇంట్లో ఎవరి నోటా సరిగ్గా పలికేది కాదు. పనివాళ్లు ఆయనకు అమెరికా మేస్త్రి అని పేరు పెట్టారు. కొన్నాళ్లకు బాపు కూడా అలాగే అనేవాడు. నాకు ఇంగ్లీషు వచ్చింది ఆ పుస్తకంతోనే. బొమ్మ కింద ఏముందో బాపు చదివించేవాడు, అర్థం అడిగేవాడు, తప్పు చెబితే మళ్లీ చదివించేవాడు.

ఆ ఇళ్లు నాకు మొదట ఇళ్లలా కనపడలేదు. మేడలు కావు, బురుజులు లేవు. చేనులో పడుకున్న పశువులా నేలకు ఆనుకుని పొడుగ్గా ఉండేవి. చూరు గోడ దాటి చాలా ముందుకు వచ్చి, కింద నీడ పరిచేది. కిటికీలు గోడలో కన్నాల్లా కాకుండా ఇల్లంతా చుట్టి వచ్చే పట్టీలా ఉండేవి. మూల దగ్గర కూడా స్తంభం లేకుండా మలుపు తిరిగేవి. రాయి ఆ నేలదే, కర్రకు రంగు లేదు. ఇంటి నడిమధ్యన నిప్పు గూడు. అదంతా చదును నేల అనీ, అక్కడ మైళ్ల కొద్దీ మొక్కజొన్న, అంటే మా మక్క, పండుతుందనీ ఒక బొమ్మ కింద రాసి ఉంది.

"మనకాడ ఉన్నదీ మక్క చేనే గద. మరి మన ఇల్లెందుకు కోట లెక్క ఉండాలె?" అన్నాడు బాపు.

ఆ మాట ఆయన చాలా ఏళ్లు అన్నాడు. కట్టింది మాత్రం సంఘం వచ్చాకే. జనగామ దిక్కు రైతులూ కూలీలూ దొరల మీద కట్టిన సంఘం ఊరూరూ దాటి మా ఊరికి వచ్చింది. వెట్టి చెయ్యం అన్నారు. గడీకి ఊరికే కుండలు, ఊరికే కోళ్లు, ఊరికే మోతలు ఆగిపోయాయి. చుట్టుపక్కల దొరలు కొందరు గోడల మీద తుపాకుల మనుషులను పెట్టుకున్నారు, కొందరు పట్నం వెళ్లిపోయారు. బాపు ఈ రెండూ చెయ్యలేదు. ఊరి బయట మా చెల్కలో, అంటే మెట్ట చేనులో, ప్రహరీ లేని ఇల్లు కడతానన్నాడు.

బాపమ్మ అన్నం ముందు నుంచి లేచిపోయింది. "గోడ లేనోన్ని దొర అని ఎవడంటడు? నేను పల్లకిల గుర్రం దర్వాజ కెల్లి వచ్చిన. ఇంకో దర్వాజ నాకొద్దు."

"నీకు వద్దంటే నువ్వు గడీల ఉండు అమ్మా. నేనైతే కడ్త," అన్నాడు బాపు.

రాయి మా చెల్కలోదే. దూలాలకు టేకు బాపమ్మ పుట్టింటి నుంచి వచ్చింది. మేస్త్రి గూడూరు మనిషి. గజం కట్టె నా చేతిలో ఉండేది. పుస్తకంలోని నక్షను మా కొలతల్లోకి మార్చి మేస్త్రికి చెప్పడం నా పని. సంబంధాలు చూస్తున్న వయసులో దొరసాని చెల్కలో నిలబడి గోడలు కొలుస్తోందని బంధువులు చెప్పుకున్నారు. చెప్పుకోనీ అన్నాను. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అన్నీ చెయ్యలేదు. మా ఎండలకు ఇంటి మధ్యన నిప్పు ఎందుకు? అమెరికా మేస్త్రి నిప్పు పెట్టిన చోట మేం నీళ్లు పెట్టాం. రాతి దిమ్మె కట్టి, దాని మీద పెద్ద గంగాళం. ఇంట్లో ఏ గదిలోంచి ఏ గదికి వెళ్లినా ఆ నీళ్ల పక్క నుంచే వెళ్లాలి.

ఈసారి పని చేసిన ప్రతి చేతికీ కూలి ముట్టింది. మా ఊరివాళ్లు మా వంశం దగ్గర కూలి పుచ్చుకోవడం అదే మొదలు. అందుకు సంఘం ఒప్పుకుంది. సంఘానికి పెద్ద మా ఊరి బోయీ. బాపమ్మ పల్లకీ ముందు కొమ్ము మోసినవాడు. ఆ మోతకు ఆయన భుజం మీద కాసిన కాయ ఇంకా అలాగే ఉండేది.

గోడలు లేచాక ఊరు చూడ్డానికి రావడం మొదలైంది. మొదటి తికమక చెప్పులతో వచ్చింది. గడీ దగ్గరైతే ఎక్కడ విడవాలో అందరికీ తెలుసు. ఇక్కడ బండ లేదు, ప్రహరీ లేదు. తలుపు కూడా ఎదురుగా కనపడదు. అమెరికా మేస్త్రి తలుపును దాచిపెడతాడు. గోడ వెంట కొంత నడిచి మలుపు తిరిగితే గాని అది కంటికి ఆనదు. ఒక ముసలి కౌలు రైతు చెప్పులు చేతపట్టుకుని ఇల్లంతా చుట్టి, బయలుదేరిన చోటికే వచ్చి నన్ను అడిగాడు.

"దొరసానీ, గీ ఇంటికి ముందేది, ఎనకేది?"

"ముందెనకలు లేవు."

"మరి చెప్పులేడ ఇడవాలె?"

"ఇడవకు. తొడుక్కోని రా."

ఆయన నా మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తున్నాననుకున్నట్టున్నాడు. "ముసలోన్ని పరేషాన్ జేస్తున్రు," అని గొణుక్కుంటూ చెప్పులు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ద్వారబంధం నిలబెట్టిన మర్నాడు సంఘం పెద్ద వచ్చాడు. వెనక ఊరివాళ్లు ఉన్నారు. తలుపు వెతుక్కుని, దాని ముందు ఆగి, పై చెక్క మీద అరచేత్తో తట్టాడు. చెయ్యి చాచే పని లేకుండానే అందింది.

"గిదేంది?"

"దర్వాజ," అన్నాడు బాపు.

"దర్వాజనా? గొర్లను తోలనీకెనా?"

అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. "మాట్లాడుతున్నవ్ గని నన్ను ఏమని పిలుస్తలేవు," అన్నాడు.

"దొర అనొద్దన్నది సంఘం. ఏమనాల్నో ఇంక జెప్పలే."

"పేరు పెట్టి పిలువు."

"గది నాకు నోరు తిరగది. అమెరికాయన పేరన్న తిరుగుతదేమో."

ఈసారి బాపు కూడా నవ్వాడు. కానీ సంఘం పెద్ద నవ్వు ఆపి మళ్లీ పై చెక్క మీద చెయ్యి వేశాడు. బాపు విడమరిచి చెప్పాడు. తక్కువ తలుపులోంచి ఒదిగి లోపలికి పోయినవాడికి లోపలి సావడి ఉన్నదానికంటే పెద్దగా అనిపిస్తుంది. ఆ మేస్త్రి కట్టిన ప్రతి ఇంట్లోనూ అంతే. అది ఆయన పద్ధతి.

"ఆయన పద్ధతి ఆయన ఊర్ల," అన్నాడు సంఘం పెద్ద. "గడీకాడ మాతోని చెప్పులు ఇడిపిచ్చిన్రు. సంఘం వచ్చి తొడిగిచ్చింది. ఇగ చెప్పులు ఇడిపియ్యనీకె రాదని, తలకాయలు వంచనీకె దర్వాజనే పొట్టిగ పెట్టినవ్."

"నేనూ వంగాలె గద. మీ అందరికంటే పొడుగు నేనే."

"నువ్వు లోపలుంటవ్. వచ్చేటోడు వంగుతడు."

అమెరికాలో ఆ తలుపు కింద వంగినవాళ్లకు ఈ అనుమానం ఎప్పుడైనా వచ్చిందో లేదో తెలియదు. అక్కడ వంగడమంటే వంగడమే. మా ఊళ్లో వంగడం అంటే వేరు.

మర్నాడు పనికి ఎవరూ రాలేదు. దర్వాజ ఎత్తు పెంచితే వస్తామని కబురు పంపారు. వానలు దగ్గర పడుతున్నాయి. కప్పు లేని గోడలు మట్టి అడుసుతో కట్టినవి, పైన మాత్రమే సున్నం. ఒక్క పెద్ద వాన పడితే అవి ఒరిగిపోతాయి. దూలాలు నేల మీద పడి ఉన్నాయి. "పై చెక్క తీసి జరంత మీదికి పెడ్తె అయిపాయె. పూట పని," అన్నాడు మేస్త్రి. పూట పనే. కానీ ఆ తలుపు పై అంచే కిటికీల పై అంచు, అదే చూరు కింది అంచు. ఒకే గీత ఇల్లంతా చుట్టి వస్తుంది. తలుపు ఒక్కటి పైకి లేపితే ఆ గీత తెగి, అది కిటికీలున్న పశువుల కొట్టం అవుతుంది. అన్నీ కలిపి పైకి లేపితే మళ్లీ గడీయే. పెంచనని బాపు అన్నాడు. బాపు ఒప్పుకున్నా నేను ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ వారంలోనే జనగామ నుంచి మా మేనమామ మోటారులో వచ్చాడు. ఆయన గడీ ఖాళీ అయింది. సామాను పట్నం చేరింది.

"బావా, లే. మోటరెక్కు. ఇంక ఏం జూస్తున్నవ్?"

"ఇంటికి కప్పు ఎయ్యలె."

"కప్పేస్తే కాలవెడ్తరు."

"కాలవెడ్తె మల్ల ఏస్త."

మామ నా వైపు తిరిగాడు. "నువ్వన్న రా బిడ్డా. సంబంధాలు పట్నంలనే ఉన్నయ్."

"గజం కట్టె నా చేతుల ఉన్నది మామా. నేను వస్తే కొలిచేటోళ్లు లేరు," అన్నాను. ఆయన భోజనం కూడా చెయ్యకుండా వెళ్లిపోయాడు. ఆ మోటారు దుమ్ము రోడ్డు మీద అణగక ముందే బాపు కండువా భుజాన వేసుకుని ఊళ్లోకి నడిచాడు. నేను వెంట వెళ్లాను.

ఆయన సంఘం పెద్ద గుడిసె ముందు ఆగాడు. మా వంశంలో ఆ వాడకు నడిచి వెళ్లినవాళ్లు అంతకు ముందు లేరు. పిలిస్తే వాళ్లే వచ్చేవాళ్లు. గడ్డి కప్పు చూరు ఎంత కిందికి ఉందంటే, మా కొత్త ఇంటి చూరు దాని ముందు మేడ. బాపు నడుము వంచి, మోకాళ్లు కూడా వంచి లోపలికి వెళ్లాడు. నేను వంగలేదు. చూరు అవతలే నిలబడి లోపలి మాటలు విన్నాను.

"ఇగో, వచ్చినోడు వంగిండు," అన్నాడు బాపు.

సంఘం పెద్ద భార్య మంచం వాల్చిన చప్పుడైంది.

"కూసో," అన్నాడు సంఘం పెద్ద.

"నీ ఇంట్ల నేను వంగిన. నా ఇంట్ల నువ్వు వంగే పని లేదు. దర్వాజ పెంచ. పెంచితే ఇల్లు కరాబైతది. కని ఎవలొచ్చినా లోపటికి పిలువ. నేనే బయటికొస్త. వచ్చినప్పుడల్ల నేనే వంగుత. మీరు నిటారుగ నిలవడి చూడుండ్రి."

"ఎన్ని దినాలు?"

"ఇల్లున్నన్ని దినాలు."

"వానొస్తే?"

"చూరు అంత ముందుకు తెచ్చింది ఎందుకనుకున్నవ్? దాని కింద నిలవడి మాట్లాడుకుందం."

సంఘం పెద్ద భార్య ఫక్కున నవ్వింది. ఆయన మాత్రం తేలిగ్గా ఒప్పుకోలేదు. చూసి చెబుతానన్నాడు.

మర్నాడు పొద్దున ఊరంతా చెల్కలో ఉంది. కప్పు లేని ఇంట్లోకి బాపు వెళ్లాడు. సంఘం పెద్ద చెప్పులతో తలుపు ముందు నిలబడి, ఏమని పిలవాలో తోచక, పై చెక్క మీద రెండుసార్లు కొట్టాడు. బాపు లోపలి నుంచి వచ్చాడు. సొంత ఇంట్లోంచి బయటికి వస్తూ ఎన్నడూ వంచని తల. వంచాలన్న సంగతి ఆ క్షణంలో దానికి గుర్తు రాలేదు. నుదురు టేకు చెక్కకు ఠపీమని తగిలింది. ఒక్కరూ నవ్వలేదు. బాపు ఒక అడుగు వెనక్కి వేసి, నుదురు రుద్దుకుని, సరిగ్గా నడుము దాకా వంగి, బయటికి వచ్చి నిలబడ్డాడు.

"చెప్పు, ఏం పని మీద వచ్చినవ్?" అన్నాడు.

"ఏం లేదు. దెబ్బ గట్టిగ తాకిందా అని అడుగుదామని."

అప్పుడు నవ్వారు, అందరూ. ఆ మధ్యాహ్నమే దూలాలు పైకి లేచాయి.

దూలాలు, వాసాలు ఎక్కాయి. పెంకలు లేవు. మానుకోట స్టేషనులో దిగిన ఎర్ర పెంకలు అక్కడే గోదాములో ఉన్నాయి, విడిపించడానికి మా చేతిలో ఏమీ లేదు. ఆ ఏడు కౌలు ఎవరూ కొలవలేదు. కొలవమని బాపు అడగలేదు. తూర్పున మబ్బు పట్టింది. బాపు గడీకి వెళ్లి బాపమ్మ ముందు కూర్చుని సంగతి చెప్పాడు. ఆమె నగలు ఇస్తుందేమో అనుకున్నాను. ఆమె వేలు దర్వాజ వైపు చూపించింది.

"గుర్రం పోయింది. ఎక్కి వచ్చేటోడు పోయిండు. గంత ఎత్తు దర్వాజ ఎవలకు? అమ్ము."

"నీ పుట్టింటి మాను అమ్మా."

"నా పుట్టింటిది గనకనే చెప్పేటిది నేను. నీదైతే నువ్వు చెప్తువు."

మానుకోట కలప అడితి నుంచి మనుషులు, ఎడ్ల బండ్లు వచ్చాయి. రెక్కలు ఊడదీసేటప్పుడు బాపమ్మ కుర్చీ వేయించుకుని అక్కడే కూర్చుంది. ఇత్తడి బొడిపెలు లెక్క తప్పకుండా చూడమని అడితివాళ్లను గద్దించింది, అవి ఇంక తనవి కాకపోయినా. దర్వాజ ఉన్న చోట ఎత్తైన ఖాళీ మిగిలింది. అందులోంచి ఊరు కనపడింది.

పెంకలు వచ్చాయి. కప్పు పూర్తయిన రోజు సాయంత్రం మొదటి వాన పడింది. చూరు కింద నేల పొడిగా ఉంది. మర్నాడు బాపమ్మ కబురు పంపింది. "దర్వాజ లేని గడీకి నేను కావలి ఉండాల్నా? వస్తున్న."

పల్లకీ మోసేవాళ్లు ఇప్పుడు లేరు. ఆమె తన కాళ్ల మీద ఊరు దాటి రావడం ఊరు ఎప్పుడూ చూడలేదు. వాకిళ్లలోకి వచ్చి నిలబడి చూశారు. సంఘం పెద్ద ఎదురుపడి పక్కనే నడిచాడు. ఇంటి మలుపు దగ్గర, తలుపు కనపడగానే ఆయన అన్నాడు:

"అవ్వా, జర తలకాయ పైలం."

ఆమె ఆగింది. నిలువునా నిటారైంది. తల వంచమని నాకు చెబుతావా అన్నట్టు ఆయన వైపు ఒక చూపు చూసి, గడ్డం ఎత్తి, నేరుగా నడిచింది. ఏమీ తగల్లేదు. తలపై కొంగుకూ పై చెక్కకూ మధ్య ఇంకా ఒక జానెడు జాగా ఉంది. మా ఇంట్లో అందరికంటే గట్టి నడుము ఆమెది. ఆమె ఎంత పొట్టి మనిషో పల్లకీలో కూర్చున్నన్నాళ్లూ ఊరికి తెలియలేదు.

సంఘం పెద్ద నోరు తెరిచి చూశాడు. "ఇన్నేండ్లు మోసిన నిన్ను. గింత పొట్టిదానివా అవ్వా? బరువు మాత్రం నాకెరుకే."

"నోరు మూసుకోని పో," అంది బాపమ్మ, లోపల గంగాళం పక్క నుంచి. గొంతులో నవ్వుంది.

బాపు మాట తప్పలేదు. సంఘం వాళ్లొచ్చినా, తర్వాత పోలీసులొచ్చినా, భూమి కాగితాల మీద సంతకం అడగడానికి కౌలుదార్లొచ్చినా ఆయనే వంగి బయటికి వచ్చాడు. పోలీసు ఆఫీసరు ఒకడు లోపలికి వెళ్లబోయి తల కొట్టుకున్నాడు. బాపు అతనికి కూడా చూరు కిందే కుర్చీ వేయించాడు. చనిపోయే ముందు ఏడు నడుము పట్టేసినా మంచం మీద నుంచి లేచి, గోడ పట్టుకుని వచ్చాడు. ఆ చెక్క మధ్యలో, ఆయన నుదురు తగిలిన చోటే, వంగినప్పుడల్లా ఆయన చెయ్యి ఆనించి ఆనించి కర్ర నున్నబడి ఉంది. ఇప్పుడు ఆ ఇంట్లో నేను ఉంటున్నాను. నాకోసం ఎవరు వచ్చినా నేనే బయటికి వస్తాను. నా నడుము వంగేది ఆ ఒక్క చోటే.

గడీ గోడలు కూలిపోయాయి. ఆ రాయి ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుపోయారు. భూములు చట్టం కింద కౌలుదార్లకు పోయాయి. వతను సర్కారు రద్దు చేసింది. అవన్నీ పోయినవి, మేం అమ్మినవి కావు. మా వంశం తన చేత్తో అమ్మింది గడీ తూర్పు దర్వాజ ఒక్కటే. మానుకోట కలప అడితికి, రెండు రెక్కలూ ద్వారబంధంతో సహా అమ్మాం.